దిండు తెచ్చుకున్నారా?

"మీసం తీసేస్తారా, మాస్కు మారుస్తారా?"

ఆ అమ్మాయి నాతో అన్న మొట్టమొదటి మాట అది. కూర్చోండి లేదు, ఏం కావాలని లేదు. కౌంటర్ అవతల నిలబడి నా పాత మాస్కును రెండు వేళ్లతో పైకెత్తి, చచ్చిన ఎలకను చూసినట్టు చూసింది.

"మీసం నాది, మాస్కు మీ షాపుది. ఏది మార్చాలో మీరే చెప్పండి," అన్నాను.

"కోపమా, నిద్ర చాలకా?"

"రెండూను."

ఆమె నవ్వబోయి, నా ముక్కు మీది పుండు చూసి ఆగిపోయింది.

నేను బస్సు డ్రైవర్ని. ఆ మాట చెప్పుకునే హక్కు కూడా అప్పటికి లేదు. నిద్రలో నా ఊపిరి గంటకు నలభై సార్లు ఆగిపోతోందని డాక్టరు తేల్చి, రాత్రంతా గాలి ఊదే మెషీన్ ఒకటి ఇచ్చాడు. ఆ గాలి బయటికి పోకుండా ముక్కుకు ఒక మాస్కు. రోజుకు కనీసం నాలుగు గంటల చొప్పున ముప్పై రోజులు వరుసగా మాస్కుతో పడుకున్నట్టు రిపోర్టు తెస్తేనే స్టీరింగ్ ముట్టుకోనిస్తానన్నాడు డిపో మేనేజరు. గడువు ఇంకా నలభై అయిదు రోజులు. అప్పటిదాకా వాషింగ్ షెడ్డులో బస్సులు కడుగుతూ ఉండాలి.

నా గురక పుణ్యమా అని డిపోలో నా పేరు ఇంజన్. నాకు పెళ్లి కుదిరిన అమ్మాయి కూడా ఒకతి ఉండేది. హోటల్లో ఎదురుగా కూర్చుని తన చిన్నప్పటి కబుర్లు చెబుతుంటే, నేను మధ్యలో గుర్రు పెట్టాను. సర్వర్ వచ్చి లేపేసరికి ఎదుటి కుర్చీ ఖాళీ.

"ఇంత జిడ్డేంటండీ దీనికి?" అంది మాస్కులమ్మాయి.

"నాది జిడ్డు ముఖం."

"పడుకునే ముందు సబ్బుతో కడుక్కోండి. మాస్కు కూడా రోజూ కడగాలి."

"కడగని రోజు లేదు."

"సరే, మీసం కాస్త కత్తిరిస్తే చాలు. దిండు తెచ్చుకున్నారా?"

"మాస్కు కొనడానికి దిండెందుకు?"

"చెప్పులైతే నిలబడి వేసుకుని చూస్తాం. మాస్కు పడుకుని పెట్టుకుని చూడాలి. పడుకుంటే బుగ్గలు జారతాయి, ముఖం మారిపోతుంది. మీ దిండు మీద మీరెలా తిరుగుతారో నాకు తెలియాలి. దిండు లేకుండా నేనెవరికీ మాస్కు ఇవ్వను."

ఇంటికి వెళ్లి దిండు తెచ్చుకున్నాను. ఆ వేళకే వాన కూడా తగులుకుంది. దిండును పెద్ద ప్లాస్టిక్ సంచీలో పెట్టి, చంటిపిల్లాణ్ని ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని బస్సెక్కితే, డ్రైవరు అద్దంలోంచి చూసి నవ్వాడు. దిండు తడవలేదు, నేను మాత్రం తడిసి ముద్దయ్యాను.

షాపు వెనక కర్ర తెర, దాని అవతల ఒక ఇరుకు మంచం. ఆమె నా ముక్కును చిల్లులున్న ప్లాస్టిక్ ముక్కతో కొలిచి, ముక్కును మాత్రమే కప్పే చిన్న మాస్కు పెట్టి మెషీన్ ఆన్ చేసింది.

"ఇంత బిగించకూడదండీ. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. ఎడమ వైపు తిరగండి. ఇప్పుడు కుడి వైపు. ఇప్పుడు నవ్వండి."

"నవ్వడం దేనికి?"

"నవ్వితే బుగ్గ కదిలి గాలి పోతుందేమో చూడాలి. కలలో నవ్వరా ఏంటి?"

"నాకు కలలు రావు," అన్నాను. నిజంగానే రావు. కల వచ్చేంత నిద్ర ఎప్పుడు పోయాను గనక?

ఆమె లైటు ఆర్పి, ఇరవై నిమిషాలు పడుకోమంది. కళ్లు తెరిచేసరికి గంటన్నర అయింది. తెర అవతల ఎవరితోనో "నెమ్మదిగా మాట్లాడండి, లోపల పేషెంట్ పడుకున్నారు," అంటోంది. నా కోసం ఒక మనిషి గొంతు తగ్గించి మాట్లాడటం విన్నది ఆ రోజే. అప్పుడే ప్రేమించాను. దాచుకోవడానికి ఏముంది?

తెచ్చుకున్న మాస్కు ఒక్క రోజు అద్భుతంగా పనిచేసింది. రెండో రోజు నుంచి గాలి కళ్లలోకి కొట్టడం మొదలుపెట్టింది. మెలకువ వచ్చేసరికి మాస్కు నేల మీద ఉండేది. అయిదో రోజు మళ్లీ దిండు సంచీతో షాపుకు పరుగు.

రెండోది నోరూ ముక్కూ కలిపి మూసేది. అదీ అంతే. మూడోది ముక్కు రంధ్రాల దగ్గర మెత్తటి బుడిపెలతో నిలబడేది. అది కూడా ఒక్క రోజు ముచ్చటే. వెళ్లిన ప్రతిసారీ ఆమె నన్ను పడుకోబెట్టి, తిప్పి, నవ్వించేది. మాస్కు ఓడిపోతున్నందుకు ఏడుపొచ్చేది, మళ్లీ ఆమెను చూడబోతున్నందుకు గడ్డం గీసుకునేవాణ్ని. నా బతుకు ఇలా రెండు వైపులా పరిగెత్తడం నాకే సిగ్గుగా ఉండేది.

పదిహేనో రోజు వెళ్లేసరికి ఆమె ముఖంలో నవ్వు లేదు. కంప్యూటర్ నా వైపు తిప్పింది. మెషీన్‌లో ఉన్న సిమ్ నా ప్రతి రాత్రినీ పొద్దున్నకల్లా ఆమె స్క్రీన్ మీదికి పంపిస్తుంది.

"చూడండి. ఏ మాస్కు ఇచ్చినా తొలి రోజు లీక్ లేదు, ఆరేడు గంటలు పెట్టుకున్నారు. మర్నాటి నుంచి గంటన్నర, రెండు గంటలు. మూడు మాస్కులూ రెండో రోజే పాడవుతాయా?"

"నన్నడిగితే?"

"మిమ్మల్నే అడగాలి. మీరు కావాలనే తీసేస్తున్నారా?"

"ఎందుకు తీస్తాను? నా ఉద్యోగం పోతుందండీ!"

ఆమె తల దించుకుంది. "ఇక్కడికి రావడానికేమోనని."

చెంప మీద కొట్టినట్టయింది. తీసేయడం అబద్ధం, రావాలనుకోవడం నిజం. ఆ నిజం ఆమెకు తెలిసిపోయిందన్న ఉక్రోషంలో నోరు జారాను.

"మీ మొహం చూడటానికి నా పొట్ట నేనే కొట్టుకుంటానా? అంత సీన్ లేదు మీకు!"

వానలోకి వచ్చేశాను. మూడు వీధులు దాటాక గుర్తొచ్చింది, దిండు అక్కడే వదిలేశానని. వెనక్కి వెళ్లడానికి మొహం చెల్లలేదు.

గడువుకు ఇక ముప్పై రోజులు లేవని తెలిసిన రోజే మేనేజరు నా బస్సును వేరే అతనికి ఇచ్చేశాడు. "మూడు నెలలయ్యాక రిపోర్టు తెచ్చుకో ఇంజన్. సీటు ఉంటుందని మాత్రం మాటివ్వలేను," అన్నాడు. నేను తల ఊపి పైపు తీసుకుని బస్సులు కడగడానికి వెళ్లాను.

ఇంక ఎవరి కోసం పెట్టుకోవాలి ఆ తొడుగు? మాస్కు తీసి మూల పడేశాను. మళ్లీ తలనొప్పులు, మళ్లీ నిలబడే కునుకులు. నలుగురిలా పడుకుని లేవడం కూడా చేతగాని వాడికి బస్సెందుకు, పెళ్లెందుకు అనుకున్నాను. అమ్మ మాత్రం నేను వాడని మాస్కును కూడా రోజూ పొద్దున్నే కడిగి, నా మంచం పక్కన బుద్ధిగా పెట్టేది. అది చూస్తే ఇంకా ఏడుపొచ్చేది.

అయిదో రోజు షెడ్డు నుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి, పెరట్లో కుళాయి దగ్గర అమ్మ పక్కన మాస్కులమ్మాయి గొంతుక్కూర్చుని ఉంది. నా కాళ్లు గుమ్మంలోనే ఆగిపోయాయి.

"ఇంకోసారి చెప్పండమ్మా," అంటోంది నెమ్మదిగా. "కడిగాక ఏం చేస్తారు?"

"ఆరబెట్టి కాస్త నూనె రాస్తాను తల్లీ. ఆ రబ్బరు వాడి ముక్కును కోసేస్తోంది కదా! మెత్తబడుతుందని. చంటిపిల్లాడి ఒంటికి రాసినట్టు రాస్తాను, ఎక్కువ కూడా కాదు."

"రోజూనా?"

"రోజూ. కొత్తది తెస్తే మర్నాటి పొద్దున్నుంచే మొదలు."

మాస్కులమ్మాయి కళ్లు మూసుకుంది. నాకు కూడా అప్పుడే అర్థమైంది. మొదటి రోజు జిడ్డన్నది నా ముఖానిది కాదు.

"నూనె రాస్తే అది జారిపోతుందమ్మా. ఉబ్బి ఆకారం కూడా పోతుంది. ఇక ముఖం మీద నిలవదు."

అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అయితే వాడి బస్సు... నా చేతులారా నేనే పోగొట్టానా?"

ఏమని చెప్పను? అవునంటే అమ్మ చచ్చిపోతుంది, కాదంటే నేను నమ్మలేను. పక్కన కూర్చుని ఆ జిడ్డు చేతులు పట్టుకున్నాను. నా ముక్కు మీది పుండు తగ్గాలనే కదా ఇదంతా చేసింది. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఆపుకోలేదు.

కాసేపటికి అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, మాస్కును ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "ఇక నేను దీని జోలికి రాను. నువ్వే చూసుకో తల్లీ, వీణ్నీ దీన్నీ," అని లోపలికి వెళ్లిపోయింది.

ఇద్దరమే మిగిలాం. కుళాయి కారుతోంది.

"అడ్రసు ఎలా తెలిసింది?"

"బిల్లు మీద ఉంది." తన సంచీలోంచి కొత్త మాస్కు తీసింది. "నూట అరవై మంది ఉన్నారండీ నా స్క్రీన్ మీద. పొద్దున్నే షాపు తెరవగానే ముందు మీ పేరే చూస్తాను. నాలుగు రోజులుగా సున్నా. మెషీన్ ఆగిందో, మీకేమైనా అయిందో తెలీదు. ఫోన్ చేయాలంటే, ఆ రోజు నేనన్న మాటకి సిగ్గేసింది."

"మీరన్నదాంట్లో సగం నిజమే," అన్నాను.

"ఏ సగం?"

"రావాలనిపించే సగం."

ఆమె మాస్కు పట్టీలు సరిచేస్తూ కూర్చుంది. ఎంతకీ సరికావడం లేదు.

"నా దిండు తేలేదే?"

"తేవాలనిపించలేదు," అంది. అప్పటికిగానీ తలెత్తి నన్ను చూడలేదు.

మర్నాడు పొద్దున్న వాషింగ్ షెడ్డులో ఉండగా ఫోన్ మోగింది.

"ఏడు గంటల పది నిమిషాలు," అంది హలో కూడా అనకుండా.

ఎదురుగా గేటులోంచి నా బస్సు వేరే అతని చేతుల్లో బయటికి పోతోంది. దాని అద్దాలు తుడిచింది నేనే. మలుపు దగ్గర ఎప్పటిలాగే కుడి వైపు కొంచెం ఒరిగింది. ఆ ఒరుగు నా చేతికి తెలుసు, అతనికింకా తెలియదు. ముక్కు ఎగబీల్చి, మోచేత్తో కళ్లు తుడుచుకున్నాను.

"ఉన్నారా? ఏడుస్తున్నారా?"

"పైపు నీళ్లు."

"ఊఁ. కల వచ్చిందా?"

"వచ్చింది. బస్సు నడుపుతున్నాను. ముందు సీట్లో మీరు దిండు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. దిగమంటే దిగరు."

ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"కలలో నవ్వారా?" అంది చివరికి.

"నవ్వాను."

"అయినా లీక్ లేదు."