ఇష్యూ చెయ్యని వస్తువు

"పన్నెండింటికి సంతకాలు. పన్నెండుంపావుకి కార్లు బయల్దేరతాయి. ఈలోగా నువ్వు తప్పు చేశావంటే, వాళ్ళ విమానం దిగిన గంటలో ఒక మనిషి ప్రాణం పోతుంది."

అంతవరకు చెప్పి చీఫ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఉదయం ఎనిమిదైంది. యూనివర్సిటీ వెనక వీధిలో జిరాక్స్ షాపు మీద గది. కింద మెషిన్ల చప్పుడుకి నేల సన్నగా అదురుతోంది.

"ఎవరు సార్ ఆ మనిషి?" అన్నాడు నత్త.

"తెలిస్తే నీకు చెప్పనా?"

నత్త అతని పేరు కాదు. ట్రెయినింగులో ప్రతి పరుగులోనూ ఆఖర్న వచ్చేవాడు. మధ్యలో మాత్రం ఒక్కసారీ ఆగలేదు. ఆ పేరు అలా అంటుకుంది. మూడు నెలలుగా యూనివర్సిటీ లైబ్రరీలో అసిస్టెంట్ వేషంలో ఉన్నాడు. ఇంట్లో మొదటి డిగ్రీ అతనిదే. కొడుక్కి లైబ్రరీలో ఉద్యోగమొచ్చిందని వాళ్ళమ్మ వీధి వీధంతా చెప్పుకుంది. గూఢచారినని చెప్తే అన్నం మానేసి కూర్చునేదే.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

సరిహద్దు అవతలి యూనివర్సిటీ లైబ్రరీకీ ఈ లైబ్రరీకీ పదేళ్ళుగా పుస్తకాల మార్పిడి ఒప్పందం ఉంది. అక్కడ లేనిది ఇక్కణ్ణుంచి పార్సిల్లో వెళ్తుంది, ఇక్కడ లేనిది అక్కణ్ణుంచి వస్తుంది. అయితే ఆ యూనివర్సిటీలో ఒక ముఠా కాపురం పెట్టింది. పరిశోధకుల వేషంలో దేశదేశాల ల్యాబుల్లో దూరి డిజైన్లు కాజేస్తుంది. ఎవరు ఏ ల్యాబు మీద కన్నేశారో అక్కడి లైబ్రరీలో క్యాటలాగు రాసే ఒకామె నాలుగేళ్ళుగా కబురు పంపుతోంది. ఇక్కడికి వచ్చే పుస్తకం వెనక అట్టకి అతికించిన చీటీ మీద సూదితో చుక్కలు గుచ్చుతుంది. డిపార్ట్‌మెంట్ ఆమెకి పెట్టిన పేరు 'అక్క'. ఆమె మొహం ఇక్కడ ఎవరూ చూడలేదు.

"ఆ పుస్తకాలన్నీ ఇక్కడ తీసుకునేది ఒకే మెంబరు. లేని మనిషి పేరుతో మనం చేయించిన కార్డు," అన్నాడు చీఫ్. "పది కార్డులు చేయించాల్సింది. బుద్ధి గడ్డి తిని ఒకటే చేయించాం. ఆ కార్డు మీద వెళ్ళిన పుస్తకాల జాబితా ముఠాకి దొరికితే, వాటిని అక్కడ ప్యాక్ చేసిన చెయ్యి ఎవరిదో వాళ్ళ చీటీలే చెప్పేస్తాయి."

"జాబితా మన సర్వర్‌లో ఉందిగా. అడిగితే ఎవరిస్తారు?"

"అడిగారు. కొత్త ఒప్పందంలో నాలుగో అనుబంధం కలిపారు. రెండు లైబ్రరీలూ పాఠకుల రికార్డులు పంచుకోవాలిట. మీ లైబ్రేరియన్ మేడమ్ మూడుసార్లు ఎర్ర సిరాతో కొట్టేసి పంపింది. ఆవిడకి మన సంగతి ఏమీ తెలీదు. పక్కన ఏం రాసిందో తెలుసా? 'పుస్తకాలు అడగండి, ఎన్నయినా పంపిస్తాం. చదివినవాళ్ళ పేర్లు అడక్కండి.' అందుకే ఇవాళ డెలిగేషన్ పేరుతో ముఠా తనే వస్తోంది. నలుగురు. వాళ్ళలో అక్క కూడా ఉంది. కోడ్ మాట ఆవిడే చెప్తుంది."

హాల్లో ఉండే అసిస్టెంటుని అడగాలన్న సూచనతో కోడ్ మాట పోయిన నెల పార్సిల్లో వెళ్ళింది. 'వానొస్తే ఈ కిటికీ మూస్తారా?' అనడిగితే, 'ముందు పుస్తకాల మీద పట్టా కప్పుతాం' అని జవాబివ్వాలి.

* * *

పది గంటలకి డెలిగేషన్ రీడింగ్ హాల్లోకి వచ్చింది. ముందు డైరెక్టరు. చెయ్యి కలిపితే వేళ్ళు లెక్కచూసుకోవాలనిపించే మనిషి. వెనక కెమెరాతో ఒకతను. ఆ వెనక నీలం కోటు ఆడమనిషి. ఆమె అడుగుపెట్టగానే హాల్లో చదువుతున్న కుర్రాళ్ళందరూ ఒకే పేజీ రెండుసార్లు చదువుకున్నారు. అందరికన్నా వెనక, వదులు స్వెటర్లో యాభై దాటిన ఒకావిడ నీళ్ళ సీసా పట్టుకుని నడుస్తోంది.

నీలం కోటు తిన్నగా నత్త దగ్గరికొచ్చింది.

"వానొస్తే ఈ కిటికీ మూస్తారా?"

నత్త చేతిలోని పుస్తకాలు బల్ల మీద దించాడు. "ముందు పుస్తకాల మీద పట్టా కప్పుతాం."

"నాలుగేళ్ళు," అంది ఆమె పెదవి కదలకుండా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాలుగేళ్ళుగా ఈ గొంతు ఎలా ఉంటుందోనని అనుకుంటూ ఉన్నా తమ్ముడూ. వాళ్ళు జాబితా కోసం వచ్చారు. ఎలాగోలా కొట్టేస్తారు. ఈలోగా ఆ కార్డు నేనే చెరిపేస్తా. రెండు నిమిషాలు చాలు, సర్వర్ రూమ్ తెరువు."

తమ్ముడూ అన్న మాట దగ్గరే నత్త పడిపోయాడు. తాళం తీశాడు. పాస్‌వర్డ్ కూడా చెప్పాడు. రెండు నిమిషాలకి ఆమె లిప్‌స్టిక్ మూత పెట్టుకుంటూ బయటికొచ్చింది.

"అయిపోయింది. ఇక నిశ్చింత."

అప్పుడే డైరెక్టరు అటు తిరిగాడు. ఆమె చప్పున పక్క అరలోంచి ఒక పుస్తకం లాగి, చదువుతున్నట్టు నాలుగు పేజీలు తిప్పింది. అతను దాటిపోగానే ఆ పుస్తకాన్ని చేతికందిన సందులోకి తోసేసి, చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయింది.

నత్త కళ్ళు ఆ సందు దగ్గరే ఆగాయి.

పక్క గోడ మీద బోర్డు ఉంది. ప్రతి లైబ్రరీలోనూ ఉంటుంది: 'చదివిన పుస్తకాన్ని అరలో పెట్టవద్దు. బల్ల మీదే వదిలివేయండి.' తప్పు చోట పెట్టిన పుస్తకం పోయినదానితో సమానం. ఇంకెవరికీ దొరకదు. మూడు నెలల అసిస్టెంటుకే ఆ మాట ఒంటికి పట్టింది. ఏళ్ళ తరబడి క్యాటలాగు రాసిన చెయ్యి నిద్రలో కూడా ఆ పని చెయ్యదు.

అతనలా చూస్తుండగానే, వెనక వస్తున్న స్వెటరావిడ ఆ అర దగ్గర ఆగింది. ఒంటికి ముల్లు గుచ్చుకున్నట్టు మొహం పెట్టింది. పుస్తకాన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, బల్ల మీద పెట్టింది. అతనివైపు చూడలేదు.

నత్త బల్ల తుడుస్తున్నట్టు దగ్గరికెళ్ళాడు. "వానొస్తే..."

"ఆ మాట చెడిపోయింది నాయనా," అందావిడ సీసా మూత తిప్పుకుంటూ. "పార్సిల్ విప్పి మళ్ళీ అతికించారు. జిగురు రంగు మారింది. ఆ నీలం కోటుదానికి ఏం ఇచ్చావు?"

"తాళం," అన్నాడు నత్త.

ఆవిడ సీసా మూత బిగించింది. "నాకిద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి రేపు పరీక్ష." అంతే అంది. నీళ్ళ సీసా పట్టుకుని డైరెక్టరు వెనకే వెళ్ళిపోయింది.

* * *

పదకొండూ యాభై. గంట నుంచి బిజీగా ఉన్న చీఫ్ ఫోన్, బైండింగ్ గదిలో జిగురు డబ్బాల మధ్య నత్తకి ఇప్పటికి కలిసింది.

"సార్, నీలం కోటు అక్క కాదు. జాబితా దాని దగ్గరే ఉంది."

"కోడ్ చెప్పలేదా మరి?"

"చెప్పింది సార్. కానీ పుస్తకం చూసి, మళ్ళీ అరలో పెట్టేసింది."

"మంచిదేగా? శుభ్రమైన మనిషి."

"అది కాదు సార్..."

"ఒరేయ్, ఆవిడ డిప్లొమాటిక్ గెస్టు. పుస్తకం అరలో పెట్టిందని ఒంటి మీద చెయ్యేస్తే రేపు మన మంత్రి క్షమాపణ చెప్పుకోవాలి. రుజువు ఉందా? లేదు. వదిలెయ్."

"మరి అక్క?"

"ఆవిడెవరో మనకి తెలీదు. తెలీని మనిషి కోసం డిపార్ట్‌మెంట్‌ని ముంచలేం. ఇది ఆర్డరు."

"ఆవిడకి మనం తెలుసు సార్. నాలుగేళ్ళు మనల్ని నమ్మింది. తాళం ఇచ్చింది నేను. నేనే చూసుకుంటా."

ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ మోగింది. జిగురు డబ్బా మీద బోర్లించాడు.

బల్ల మీద కొత్త పుస్తకాలకి అతికించే సెక్యూరిటీ పట్టీల చుట్ట ఉంది. వెంట్రుక మందాన, వేలంత పొడుగు. ఇది అంటించిన పుస్తకాన్ని కౌంటర్లో ఇష్యూ చెయ్యకుండా బయటికి తీసుకెళ్తే గేటు ఊరంతా వినబడేలా కూస్తుంది. పిస్టల్ చీఫ్ దగ్గరుంది. నత్త ఒక పట్టీ చింపి వేళ్ళ మధ్య దాచుకున్నాడు.

హాల్లో సంతకాలు ముగిశాయి, చప్పట్లు కొట్టారు. వీసీ గారు డైరెక్టరుకి శాలువా కప్పుతుంటే నీలం కోటు తలుపువైపు అడుగులేస్తోంది. నత్త ఎదురెళ్ళి హ్యాండ్‌బ్యాగు అందుకున్నాడు.

"నేను తెస్తా అక్కా."

"వద్దు తమ్ముడూ, బరువేం లేదు," అని ఆమె నవ్వి లాక్కుంది. ఆ లాగులాటలోనే పట్టీ బ్యాగు లోపలి అంచుకి అంటుకుంది.

* * *

డైరెక్టరు గేటు దాటాడు. కెమెరా అతను దాటాడు. నీలం కోటు అడుగుపెట్టగానే గేటు కూత పెట్టింది.

"అమ్మా, ఆగండి," అన్నాడు స్టూలు మీది గేటు బాబాయి లేవకుండానే. "బ్యాగు బల్ల మీద పెట్టండి."

"నేను అతిథిని."

"గేటుకి ఆ సంగతి తెలీదమ్మా. పెట్టండి."

డైరెక్టరు వెనక్కొచ్చి కేకలేశాడు. ఇది అవమానం అన్నాడు, ఒప్పందం చింపేస్తానన్నాడు. వీసీ గారికి చెమటలు పట్టాయి. "వదిలెయ్యండి మేడమ్, ఏదో మెషిన్ పొరపాటు," అని లైబ్రేరియన్‌ని బతిమాలాడు.

లైబ్రేరియన్ మేడమ్ పొట్టి మనిషి. గేటుకి అడ్డంగా నిలబడితే మాత్రం తలుపు వేసినట్టుంది.

"సార్, ఇదే గేటు దగ్గర మీ బ్యాగు రెండుసార్లు విప్పించాను. మీరు చిన్నబుచ్చుకోలేదు. వీళ్ళెందుకు చిన్నబుచ్చుకోవాలి?"

"కారు వెయిట్ చేస్తోందండీ!"

"చెయ్యనివ్వండి. పదేళ్ళు పుస్తకాలు పంపుకున్నాం, పది నిమిషాలకి ఏం కాదు."

నీలం కోటు బ్యాగు బోర్లించింది. ఫోను, పాస్‌పోర్టు, అద్దం, దువ్వెన. గేటు బాబాయి ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతున్నాడు. అన్నీ ఇచ్చింది, ఒక్క లిప్‌స్టిక్ మాత్రం పిడికిట్లో ఉండిపోయింది. నత్త చూశాడు. మేడమ్ కూడా చూసింది.

"అది కూడా."

"ఇది ఆడవాళ్ళ వస్తువు!"

"నేనేమన్నా మీసాలు పెంచానా? ఇవ్వండి."

ఆమె మొహంలో నవ్వు ఆరిపోయింది. బొటనవేలితో లిప్‌స్టిక్ అడుగు గిర్రున తిప్పింది. ఎర్ర దీపం టపటపా వెలగడం మొదలైంది. ట్రాన్స్‌మిటర్! పదేళ్ళ జాబితా గాలిలోకి ఎగరబోతోంది. నత్త ఆమె మణికట్టు పట్టుకున్నాడు. లిప్‌స్టిక్ జారి బల్ల మీద దొర్లింది. దీపం ఎరుపు నుంచి పసుపుకి మారింది. పసుపు నుంచి ఆకుపచ్చకి మారబోతోంది.

బల్ల మీద తేదీ ముద్ర వేసే ఇనప స్టాంపు ఉంది. ముప్పై ఏళ్ళనాటిది, సేరు బరువు. నత్త రెండు చేతులా ఎత్తి దించాడు.

ఠాప్!

దీపం ఆరింది. పగిలిన గొట్టంలోంచి చిప్ తొంగిచూసింది. దాని మీద ఆ రోజు తేదీ నీలం సిరాతో చక్కగా పడింది. "మేడమ్, అందులో మన సర్వర్‌లోని పాఠకుల జాబితా ఉంది," అన్నాడు నత్త.

మేడమ్ దాన్ని చిన్న పట్టకారుతో పైకెత్తి డైరెక్టరు మొహం ముందు పెట్టింది. "ఇది మా సర్వర్ లోది. ఇష్యూ చెయ్యలేదు. ఇష్యూ చెయ్యని వస్తువు ఈ గేటు దాటదు. ఇవాళ దాటదు, మీరు ఒప్పందం చింపినా దాటదు. చింపుతారా?"

డైరెక్టరు చిప్ వైపు చూశాడు, గుమిగూడిన కుర్రాళ్ళ ఫోన్లవైపు చూశాడు. ఒప్పందం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నీలం కోటు ఎవరో తనకి తెలీనే తెలీదన్నట్టు కారెక్కాడు.

ఆఖర్న స్వెటరావిడ గేటు దాటింది. గేటు కిక్కురుమనలేదు. నత్త కారు తలుపు తీసిపట్టి గొణిగాడు. "ఉండిపోండి అక్కా. పిల్లల్ని మేం రప్పిస్తాం."

"నేను ఉండిపోతే వాళ్ళు గెలిచినట్టు," అందావిడ సీటులో సర్దుకుంటూ. "వచ్చే నెల పార్సిల్ చూసుకో. ఈసారి పది కార్డులు పెట్టుకోండి, ఒక్కదాన్నే అంటిపెట్టుకోకుండా." తలుపు తనే వేసుకుంది.

నీలం కోటుని తీసుకెళ్ళడానికి వచ్చిన చీఫ్, గేటు దగ్గర తన పిస్టల్ స్టూలు మీద పెట్టి, చేతులు ఎత్తి నిలబడి ఉన్నాడు. బాబాయి అతని జేబులు వెతుకుతున్నాడు.

"మిషన్ అయిపోయింది, పద," అన్నాడు నత్తతో. "రెండున్నరకి ఫ్లైటు."

"అతనెక్కడికీ రాడండీ," అంది లైబ్రేరియన్ మేడమ్ కౌంటర్ వెనక నుంచి. "మూడు నెలల్లో ఇతను సర్దిన అరలన్నీ తప్పుల తడక. దేశాన్ని తరవాత కాపాడుకోవచ్చు, ముందు ఆ ఏడో వరస సరిచెయ్యమనండి."