పంజరం తలుపు ఎవరు తెరిచారు?

పొద్దున ఆరింటికే మల్లీశ్వరి పంజరం అడుగున పాత పేపరు తీసి కొత్తది పరిచింది. గిన్నెలో కొర్రలు పోసింది. ఆడపిట్ట ఒక్కటే కర్ర మీద ముడుచుకుని కూర్చుంది. తలుపుకు గడియ పెట్టి రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి లాగి చూసింది. నాలుగు నెలలుగా ఇదే వరస.

నాలుగు నెలల క్రితం కాకటీల్ జంటలో మగపిట్ట పండు కనబడకుండా పోయింది. పసుపుపచ్చ తురాయి, చెంపల మీద నారింజ చుక్కలు. కూతురు పెళ్ళయి వెళ్ళాక ఆ ఇంట్లో మాటంటే పండుదే. "తిన్నవా? తిన్నవా?" అని అచ్చం మల్లీశ్వరి గొంతుతోనే అడిగేది. ఆ రోజు ఆమె రేషన్ తీసుకుని వచ్చేసరికి భర్త నరహరి పంజరం ముందు నిలబడి ఉన్నాడు. ఆడపిట్ట మూలకు నక్కి ఉంది.

"తలుపు ఏయకుండనే పోయినవా? నేనొచ్చేటాల్లకు తెరిసున్నది. పండు ఎగిరిపోయింది" అన్నాడు.

గడియ వేసినట్టే ఆమెకు గుర్తు. కానీ ఎదురుగా ఖాళీ కర్ర కనిపిస్తుంటే తన గుర్తునే నమ్మలేకపోయింది. ఐదు రోజులు నారాయణపేట గల్లీలన్నీ ఈల వేస్తూ తిరిగింది. తాను సభ్యురాలిగా ఉన్న పక్షుల సంఘం వాట్సాప్ గ్రూపులో "తప్పు నాదే, తలుపు నేనే మరిచిపోయిన" అని పెట్టింది. ముప్పై మంది ఉన్న ఆ సంఘంలో ఆడమనిషి ఆమె ఒక్కతే. పిల్లపిట్టలకు సిరంజితో మేత పెట్టడం అందరికీ నేర్పింది ఆమే. అలాంటిది, ఆ తర్వాత మొహం చెల్లక మీటింగులకు పోవడమే మానేసింది.

ఈ ఆదివారం పొద్దున పంజరం పని అయ్యాక సంఘం పెద్ద భీమయ్య సారు ఫోన్ చేశాడు. "బిడ్డా, తప్పులు అందరం జేస్తం. ఇయ్యాల మా ఇంట్లనే మీటింగు. రాకుంటే నేనే వచ్చి తోలుకపోత."

కాదనలేక వెళ్ళింది. వాకిట్లో సభ్యులు తెచ్చిన పంజరాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఓ పక్కన కూర్చుని చాయ్ తాగుతుండగా, గుడ్డ కప్పిన పంజరంలోంచి వినిపించింది.

"తిన్నవా? తిన్నవా?"

గ్లాసు కింద పెట్టేసింది. వెళ్ళి గుడ్డ ఎత్తింది. కాలికి ఆకుపచ్చ రింగు, దాని మీద తాను వేయించిన నంబరు. ఆమెను చూడగానే పండు పరుగున ఊచల దగ్గరికి వచ్చి, గోకమన్నట్టు తల వంచింది.

"ఇది నాది" అంది.

మక్తల్ నుంచి ఈ నెలే కొత్తగా చేరిన విజేందర్ కంగారుగా లేచాడు. "మీదా అక్కా? నాకు నరహరన్న ఇచ్చిండు. వారం వారం మా ఊరి దుకాణానికి చీరెలు తెస్తడు గద, ఆ అన్న. ఇంట్ల సూసుకునుడు అయితలేదు, పైసల్లేకుండనే సాదుకో అన్నడు."

"నరహరి మా ఆయననే."

విజేందర్ వెంటనే పంజరం ఆమె చేతికిచ్చాడు.

ఆమె ఇంటికి వచ్చేసరికి నరహరి అన్నం తింటున్నాడు. మల్లీశ్వరి పంజరం అతని కంచం పక్కనే దించింది. పండును చూసి అతని చేయి ఆగిపోయింది.

"తలుపు ఎవలు తీసిండ్రు?" అని అడిగింది.

అతను తల వంచుకున్నాడు.

"నేను ఇచ్చిన అని చెప్పుంటె కొట్లాడుదును, ఏడుద్దును. అంతటితోనే అయిపోయేది. నా నెత్తిన ఏస్తివి గద! నాకు మతి పోతాంది, ఏదీ గుర్తుంటలేదు అని దవాఖానకు సుత పోదామనుకున్న. నడిజామున లేసి ఏడుస్తుంటె పక్కన పండుకొని ఇనుకుంట ఎట్ల ఉన్నవ్? నీది గుండెనా?"

నరహరి కంచం పక్కకు జరిపాడు.

"నేత గిట్టుబాటు గాక నా మగ్గం పీకేసినంక దాని గుంత పూడ్చినం. ఆడ్నే నువ్వు పంజరం పెట్టినవ్" అన్నాడు మెల్లగా. "దినమంతా దుకాణంల మందికి చీరెలు మడతబెట్టి వస్త. నువ్వు ఫోన్ల పిట్టల ముచ్చట్లల్ల ఉంటవ్. తిన్నవా అని నన్ను పిట్ట అడుగుతది. నువ్వు అడగక రెండేండ్లాయె. ఒకనాడు కడుపు మండింది. ఇచ్చేసిన. నీ ఏడుపు సూసినంక నిజం చెప్పబుద్ధయింది, ధైర్యం రాలే."

అతను చెప్పినదాంట్లో కొంత నిజముందని ఆమెకు తెలుసు. అయినా కోపం దిగలేదు.

"నన్నొక్క మాట అడగకపోతివి. లే, చెప్పులేసుకో. అందరు ఇంకా ఆడ్నే ఉన్నరు. నేను తప్పు ఒప్పుకున్నది వాళ్ళ ముంగటనే. నిజం సుత వాళ్ళ ముంగటనే చెప్పాలె."

పండును ఆడపిట్ట దగ్గర వదిలి ఇద్దరూ బయల్దేరారు. భీమయ్య సారు వాకిట్లో నరహరి అందరి ముందు నిలబడ్డాడు.

"మల్లీశ్వరి తలుపు మరువలే. నేనే తీసి పిట్టను ఇచ్చేసిన. అబద్ధమాడిన" అన్నాడు.

మల్లీశ్వరి గోడకు ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చేసింది. నాలుగు నెలలుగా మోస్తున్న తప్పు తనది కాదని నలుగురి ముందూ తేలాక కానీ అది ఎంత బరువో ఆమెకు తెలియలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ చల్లబడింది. ఇద్దరూ బజారు మీదుగా నడుస్తున్నారు.

"మాఫ్ జేసినవా?" అని అడిగాడు నరహరి.

"ఇంకా లే."

కొంత దూరం నడిచాక ఆమే అడిగింది. "మగ్గం పీకేసిన నాడు పోతే పోయె అనుకుంట తిరిగినవ్. ఒక్కపారి సుత ఏడ్వలే. ఎందుకు?"

నరహరి నడక ఆగింది. "ఎవల ముంగట ఏడ్వాలె? నువ్వప్పుడు బిడ్డ పెండ్లి పనులల్ల ఉంటివి."

మల్లీశ్వరి అతని ముఖంలోకి చూసింది. తండ్రి చేతి కింద నూలు కండెలు అందిస్తూ మగ్గం పని నేర్చుకున్న మనిషి. ఆ మగ్గం పోయిన రోజు ఇతను అన్నం తిన్నాడో లేదో ఎంత ఆలోచించినా ఆమెకు గుర్తు రాలేదు.

నడి బజారని కూడా చూడకుండా అతని చేయి పట్టుకుంది.

"ఇప్పుడు ఏడువు" అంది.