ఇనప్పెట్టెలో టిక్కు టిక్కు

సముద్రపు కట్ట కింద చివరి ఇల్లుందే, మెన్నో ఇల్లు... పొద్దు వాలాక అటువైపు ఎవరూ పోరు. పోస్టు పిల్ల ఉత్తరాలు గేటు దగ్గరే పడేసి సైకిలు తొక్కుకుంటూ ఉడాయిస్తుంది. ఆ ఇంటి వెనక గదిలో, గోడకి బిగించిన ఇనప్పెట్టె ఉంది. అందులోంచి గడియారం చప్పుడు వచ్చేదట. పెట్టెలో గడియారమే లేదు! నేను విన్నది విన్నట్టు చెప్తున్నా, నమ్మితే నమ్మండి.

మెన్నోకి బ్యాంకులంటే పడదు. వెనకటికి వాళ్ళ నాన్న బ్యాంకులో దాచుకున్న నోట్లు రాత్రికి రాత్రి చిత్తుకాగితాలయ్యాయి మరి. అందుకని ఉన్న యూరోలన్నీ, పెళ్ళాం తాల్కె అంబరు పూసల దండ, ఆఖరికి హాల్లో నిలువు గడియారానికి కీ ఇచ్చే తాళంచెవి కూడా ఆ పెట్టెలోనే. ఆదివారం ఆదివారం దాన్ని తీసి, గడియారానికి కీ ఇచ్చి, మళ్ళీ లోపల పెట్టేవాడు. పెట్టె తెరిచే నంబరు మాత్రం కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు మహానుభావుడు.

“నన్ను కూడా అందులో పెట్టి మూసెయ్యరాదూ?” అని తాల్కె దెప్పిపొడిచేది. ఆయన నవ్వి ఊరుకుని, టీలో కలకండ వేసుకునేవాడు.

మార్చిలో ఒక ఆదివారం, ఇంకా కీ ఇవ్వకముందే, ఆ టీ బల్ల మీదే ఒరిగిపోయాడు. ఏదో చెప్పబోయాడు... పెదవులు కదిలాయి, మాట రాలేదు.

చావు ఇంట్లో గడియారం నడవకూడదన్న ఆ ఊరి పద్ధతి ప్రకారం తాల్కె లోలకం ఆపింది. పోయే ప్రాణానికి అడ్డు ఉండకూడదని కిటికీలన్నీ తెరిచింది. పోయినవాళ్ళు ఇంట్లో ఉండగా ఏ తాళమూ వేసి ఉండకూడదు కదా... తలుపులు, బీరువాలు, కుట్టుపెట్టె దాకా అన్నీ తీసింది.

ఒక్క ఇనప్పెట్టె తప్ప.

ఏం చేస్తుంది పాపం? నంబరు ఆయనతోనే పోయింది. పూడ్చిపెట్టి వచ్చాక గడియారం మళ్ళీ నడిపించబోతే లోలకం నాలుగు ఊపులు ఊగి ఆగిపోయింది. కీ అయిపోయింది.

ఆ సాయంత్రమే... వెనక గదిలో... టిక్కు... టిక్కు...

తాల్కె పెట్టెకి చెవి ఆనించింది.

“అయ్యో... నిన్ను లోపలే ఉంచేశానా అయ్యా...” అని గొణిగింది.

పెట్టె కోయించమని అందరూ చెప్పారు. ఆయన గుట్టుని బెజ్జాలు వేసే బరమాతో పొడిపించడానికి మనసొప్పలేదు. పెళ్ళి తేదీ నొక్కింది, పుట్టినరోజులు నొక్కింది, ఏదీ పడలేదు. రోజూ పెట్టె మీద చెయ్యేసి కూర్చోవడం తప్ప ఆవిడ చేతిలో ఏముంది?

నవంబరు వచ్చేసరికి చప్పుడు మందగించింది. టిక్కు...... చాలాసేపటికి ఇంకో టిక్కు. ఊపిరాడని మనిషిలా ఉంది. ఇంక తట్టుకోలేక, తాళాల కొట్టు నడిపే ఐలర్ట్‌ని పిలిపించింది. మెన్నోకి మేనల్లుడే.

ఐలర్ట్ బరమా ఆనించాడు. మొన లోపలికి దిగగానే చప్పుడు ఠక్కున ఆగింది. తలుపు తెరుచుకుంది.

నోట్లు. పూసల దండ. గడియారం తాళంచెవి. అంతే.

“మరి గడియారం ఏదత్తా?” అన్నాడు ఐలర్ట్.

తాల్కె పెట్టెలోకి చెయ్యి పెట్టింది. తాళంచెవి తీసి గుప్పిట్లో బిగించి, కిటికీ బార్లా తెరిచింది. సముద్రం మీంచి చలిగాలి కొట్టింది.

“వెళ్ళు మెన్నో. ఇంక అడ్డేం లేదు.”

తాల్కె కళ్ళు తుడుచుకుంది. గుండె మీంచి రాయి దించినట్టయింది ఆవిడకి.

అప్పుడు... హాల్లోంచి...

టిక్కు టిక్కు... టిక్కు టిక్కు... గట్టిగా, హుషారుగా.

ఐలర్ట్ హాల్లోకి తొంగి చూశాడు. “ఇందాక కీ ఇచ్చి వచ్చావా అత్తా?”

తాల్కె గుప్పిట విప్పింది. తాళంచెవి అందులోనే ఉంది.

అక్కడే చతికిలబడింది. కిటికీ తెరిచే ఉంది. పెట్టె తెరిచే ఉంది.

“ఇంకే తాళం తియ్యాలయ్యా నేను...” అంది, హాలు వైపు చూస్తూ.