మెయిన్ బోర్డు మీది నిమ్మకాయ

ముహూర్తం పదకొండు గంటల ఏడు నిమిషాలకు. కొత్త స్కానింగ్ మిషన్ స్విచ్ నొక్కగానే మట్టెవాడలోని ఆ ప్రైవేటు దవాఖాన తగలబడాలని విదేశీ ముఠా నిర్ణయించింది.

"రెండో అంతస్తులో వెంటిలేటర్ మీదున్న మహిపాల్ మన మనిషి. ముఠా పేర్లన్నీ అతనికే తెలుసు. కదిలిస్తే బతకడు," అన్నాడు ఫోన్‌లో చీఫ్ కిషన్ రావు. "ప్రమాదంలా కనిపించే హత్య. ఎలాగో కనుక్కో, ఆపు."

ఏజెంట్ విన్సెంట్ ఖాకీ చొక్కాతో, ఎలక్ట్రీషియన్ వేషంలో సెల్లార్‌లోకి దిగాడు. మెయిన్ బోర్డు పక్కన నెమలిరంగు పట్టుచీరలో ప్రేమలత. ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేసే మనిషి.

"కరెంటు ఎంత తింటాంది?" కోడ్ వర్డ్ పలికింది.

"కొలిస్తేగాని చెప్పలేను." జవాబు కోడ్.

"కొలుసుడెందుకు? కాగితంల ఉన్నది. ఇప్పటి లోడ్ నూట ఇరవై ఆంపియర్లు, కొత్త మిషన్ డెబ్భై. కేబుల్ రెండు వందలు మోస్తది. ఫికర్ లేదు." నవ్వి మెట్లెక్కింది.

విన్సెంట్ కాగితాన్ని ఎప్పుడూ నమ్మలేదు. తీగలో పారే కరెంటును కొలిచే క్లాంప్ మీటర్ దవడలను కేబుల్ చుట్టూ బిగించాడు.

నూట ఎనభై రెండు.

మళ్లీ కొలిచాడు. అదే అంకె. తాళం వేసిన స్టోర్ గది తలుపు కిందినుంచి వేడి గాలి వస్తోంది. లోపల ఎవరో హీటర్లు దాచారు. కేబుల్‌ను ఆనుకునే ఆక్సిజన్ పైపు ఉంది. మరో డెబ్భై కలిస్తే రెండు వందలు దాటుతుంది, కేబుల్ కాలేలోపు ఫ్యూజు పోవాలి కదా? బోర్డుకు నిమ్మకాయ, మిరపకాయలు వేలాడుతున్నాయి.

"ఫ్యూజుల ఏం ఏసినవ్ కాకా?" సెల్లార్ మూలన కూర్చున్న వాచ్‌మన్ సాంబయ్యను అడిగాడు.

"మూడుమాట్ల పోయింది తమ్మీ. దిష్టి తగిలిందని నిమ్మకాయ గట్టిన. జర మందం తీగ సుట్టిన. గప్పటిసంది పోతే ఒట్టు!"

ఆ మందం తీగ ఇక కరగదు. ముఠాకు బాంబు అక్కర్లేకపోయింది. ఫ్యూజును మూడుసార్లు పోగొట్టి, మిగతాది సాంబయ్యకు వదిలేసింది.

పదకొండు ఆరు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. పైన కొబ్బరికాయ పగిలిన చప్పుడు. "మిషన్ నడిస్తే ఈ కేబుల్ అంటుకుంటది కాకా!" అన్నాడు విన్సెంట్.

"మెయిన్ బంద్ జెయ్ తమ్మీ!"

"వద్దు! వెంటిలేటర్ ఆగుతది!"

బోర్డులో ఎనిమిది చిన్న ఫ్యూజులు. దేని మీదా పేరు లేదు. ఒక్కో తీగనూ కొలిచాడు. ఇరవై. పద్దెనిమిది. ముప్పై. ఏడో తీగ వరకూ అన్నీ పనిచేస్తున్నవే. ఎనిమిదోది సున్నా. ఇంకా స్విచ్ పడని మిషన్ అదే. ఫ్యూజు పీకేశాడు.

పైన చప్పట్లు మోగి, ఆగిపోయాయి. మిషన్ పలకలేదు. సెల్లార్ బల్బు మాత్రం కనీసం రెప్ప వేయలేదు; వెంటిలేటర్‌కూ కరెంటు ఆగలేదు.

ఏమైందో చూడటానికి కిందికి వచ్చిన ప్రేమలతకు విన్సెంట్ పిస్టల్ ఎదురైంది.

"నూట ఎనభై రెండు," అన్నాడు. ఆమె ఏ అంకె అని అడగలేదు.

సాంబయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "సూసినవా, నిమ్మకాయ కాపాడింది!"

విన్సెంట్ ఆ నిమ్మకాయను క్లాంప్ మీటర్ దవడల మధ్య పట్టి, మీటర్ అంకెను శ్రద్ధగా చూశాడు. సున్నా.