లిసాండ్రో సీసాలు

"ఆ ఎర్రనీళ్ళు పారబోస్తారా, నన్నే గోడ దూకి రమ్మంటారా?"

అంపారో కేకకి, పక్కింట్లో కొత్తగా అద్దెకు దిగి, పిట్టలకని సీసా కట్టిన మనిషి ఉలిక్కిపడ్డాడు. చేతిలో కాఫీ సగం చొక్కా మీద ఒలికింది.

"ఎవరండీ మీరు?"

"పక్కింటిదాన్ని. ఆ రంగు పిట్టలకి మంచిది కాదు."

"ఎరుపు చూస్తేనే హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయన్నాడే కొట్టువాడు!"

"సీసా మూత ఎర్రగా ఉంటే చాలు. నాలుగు గ్లాసుల నీళ్ళకి గ్లాసు పంచదార. తేనె కూడా వద్దు. రెండు మూడు రోజులకోసారి వేడినీళ్ళతో కడగాలి."

"మా అమ్మ నన్ను కూడా ఇంత శ్రద్ధగా పెంచలేదండీ."

అంపారోకి నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. తమ పెరట్లో ఎవరైనా నవ్వి రెండేళ్ళయింది.

రెండేళ్ళ క్రితం పెరోటే ఊరికి వెళ్ళే కొండదారిలో, పొగమంచులో, ఆమె భర్త లిసాండ్రో నడుపుతున్న వ్యాను లోయలోకి జారిపోయింది. అప్పటినుంచి ఖలాపా ఊళ్ళోని ఆ ఇంట్లో అంపారో, అత్తగారు కాన్సువేలో, ఇద్దరే. పెరట్లో పిట్టల కోసం లిసాండ్రో వేలాడదీసిన ఐదు పంచదారనీళ్ళ సీసాలు, ఒకదానికొకటి కనబడకుండా తలో మూల. పక్కపక్కనే ఉంటే ఒక పొగరుబోతు పిట్ట అన్నీ తనవేనని మిగతావాటిని తరిమేస్తుంది. ఆ సీసాల్ని అంపారో ఒక్కపూట ఖాళీగా ఉంచలేదు. వాటికోసం సొంత చెల్లెలి పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

పక్కింటాయన పేరు ఫెర్మీన్. ఇళ్ళకి వెళ్ళి పియానోలు శ్రుతి చేస్తాడు. రోజూ సన్నటి జల్లులో తడుస్తూ గోడ దగ్గరికి వచ్చి ఏదో ఒకటి అడిగేవాడు.

"ఈవేళ పంచదార సరిపోయిందా, రుచి చూసి చెబుతారా?"

"నేను పిట్టనా?"

"పొగరు చూస్తే అలాగే ఉంది మరి."

అక్టోబరులో ఒకరోజు ఆరు సాల్వియా మొక్కలు మోసుకొచ్చాడు. నిండా ఎర్రటి పూలు.

"ఇవి నాటితే పిట్టలకి మీరు లేకపోయినా తిండి దొరుకుతుంది. ఆదివారం పార్కులో కచేరీ ఉంది, నాతో వస్తారేమోనని..."

అంపారో మొహం పాలిపోయింది. "ఈ పని కూడా లాగేసుకుని, ఆయన్ని మర్చిపొమ్మంటారా?"

"అయ్యో, అది కాదండీ..."

"తీసుకెళ్ళిపోండి."

తీసుకెళ్ళిపోయాడు. ఆ తర్వాత గోడ దగ్గరికి రాలేదు. అటు చూడకూడదనుకుంటూనే, సీసాలు కడుగుతూ అంపారో పదిసార్లు చూసేది.

నవంబరు చలిగాలులకి కాన్సువేలోకి న్యుమోనియా వచ్చింది. ఒకరోజు తెల్లవారేసరికి ఆవిడకి ఊపిరి అందడం లేదు. అంపారో చెప్పులు కూడా లేకుండా పరుగెత్తి ఫెర్మీన్ తలుపు బాదింది. అతను వెంటనే వచ్చి పెద్దావిణ్ణి చేతుల మీద ఎత్తుకుని కారులో పడుకోబెట్టాడు. ఆసుపత్రి వరండాలో మూడు రోజులు బల్ల మీదే కూర్చున్నాడు.

మూడోరోజు ఉదయం, అత్తగారికి సూప్ తాగిస్తూ అంపారో స్పూను వదిలేసింది.

"అత్తమ్మా! సీసాలు! మూడు రోజులై ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆయన ఒక్కరోజు మానేవారు కాదు, నేనేమో..."

"ఎవరు మానలేదు? మా వాడా?" అంది కాన్సువేలో, దగ్గుతూనే. "వాడికంత ఓపికెక్కడిది! కట్టడం వరకే వాడు. బూజు పట్టేదాకా మళ్ళీ చూసేవాడా? నువ్వు పనికి వెళ్ళాక నేనే కడిగి నింపేదాన్ని."

అంపారో కిందపడిన స్పూను ఏరుకుంది.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

పెద్దావిడ కళ్ళు కిటికీవైపు తిప్పుకుంది. "చెబితే నువ్వు వెళ్ళిపోతావేమోనని. ఆ సీసాలు నింపుతున్నంతకాలం నాతోనే ఉంటావనుకున్నాను. నా స్వార్థం, తల్లీ. నీ వయసు ఇరవయ్యెనిమిది. ఆ బయట కూర్చున్నవాడు మూడు రోజులై సరిగ్గా తినలేదు. వెళ్ళి చూడు."

అంపారో వరండాలోకి వచ్చింది. ఫెర్మీన్ కంగారుగా లేచాడు. "ఆవిడకి...?"

"బాగానే ఉన్నారు." అతని పక్కన కూలబడింది. "మా ఆయన సీసాలు కడిగేవాడు కాదట." నవ్వబోయింది, ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా తను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టిన మనిషి పోయి, తువ్వాలు మంచం మీదే పడేసే ఆ బద్ధకపు లిసాండ్రో ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాడు. వాడి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది.

ఫెర్మీన్ ఏడవనిచ్చాడు. ఆ ఏడుపు తగ్గాక అన్నాడు. "ఆయన్ని మర్చిపోవద్దండీ. ఆయన కబుర్లు నాకూ చెప్పండి. మీరంటే నాకు చాలా ఇష్టం. వింటూ కూర్చోవడానికి కాస్త చోటిస్తే చాలు."

"ఇలాగే ఏడుస్తుంటాను. మధ్యమధ్యలో."

"సరే."

"ఏళ్ళ తరబడి."

"సరేనన్నానుగా."

ఏప్రిల్‌లో చిన్న చర్చిలో పెళ్ళయింది. కాన్సువేలోతో కలిసి ముగ్గురూ ఒకే ఇంట్లో ఉండాలని పట్టుబట్టింది ఫెర్మీనే. పెళ్ళికూతురి తల్లి నిలబడాల్సిన చోట, కర్ర పట్టుకుని కాన్సువేలో నిలబడింది. ఉంగరం తొడిగేవేళ అంపారోకి కన్నీళ్ళు ఆగలేదు.

"ఎవరి కోసమమ్మా ఆ ఏడుపు?" అని గుసగుసగా అడిగింది పెద్దావిడ.

"తెలియడం లేదత్తమ్మా."

"నాకు తెలుసు. నేనూ మా వాడి కోసమే ఏడుస్తున్నా." తన రుమాలు కోడలి చేతిలో పెట్టింది. "ముక్కు తుడుచుకో. ఫాదర్ చూస్తున్నాడు."