బోల్టు మీద ఎర్ర గీత

"పది నిమిషాలు! లేదంటే నీ బావమరిది తల ఉండదు!"

గళ్ల చొక్కావాడి పిస్తోలు బావమరిది చెవికి ఆనుకుని ఉంది.

మేస్త్రీ బానెట్ ఎత్తుతాడు.

షెడ్డు రేకుల మీద వాన. దూరంగా పోలీసు సైరన్!

నిన్న బావమరిది ఇంటికి రాలేదు. ఈ స్పోర్ట్స్ కారు సిద్ధం చేయడానికీ, నడపడానికీ ఈ గళ్ల చొక్కావాడే వాణ్ణి ఎత్తుకుపోయాడట. ఇందాక నగల షాపులో కాపలావాణ్ణి కాల్చాడు. ఇప్పుడు కొండ దాటాలి. కారేమో ఎక్కనంటోంది!

"పికప్ లేదు బావా," బావమరిది అన్నాడు. "నీ వల్లే అవుతుందన్నాను."

స్కానర్‌లో ఒకటే కోడ్. కామ్ షాఫ్ట్ టైమింగ్ వెనకబడుతోంది; అందుకే ఇంజన్‌కి బలం చాలడం లేదు.

ఆయిల్ సరిపోను ఉంది. మరి టైమింగ్ మార్చే వాల్వుకి అందుతోందా?

వాల్వు బోల్టుకి స్పానర్ పెడతాడు... ఆగిపోతాడు.

ఎర్ర గీత!

ఈ షెడ్డులో బోల్టు బిగించినవాడు దానిమీద పెయింటుతో గీత గీయాలి. మేస్త్రీది పసుపు. ఎరుపు బావమరిదిది.

వాల్వు లాగుతాడు. దాని సన్నటి జల్లెడలో స్పాంజి ముక్క. మురికి ఇంత పొందిగ్గా మడతపెట్టుకుని కూర్చోదు!

బావమరిది కళ్లు కిందికి వాలాయి.

మేస్త్రీకి అర్థమైంది, ఇది కావాలని పెట్టిందే. గళ్ల చొక్కావాడు పారిపోకూడదు.

చేయని పనిని చేశానని ఇరవై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు. 'స్వామీ, ఇది పాపమేనా?'

సైరన్ దగ్గరవుతోంది.

స్పాంజితో సహా వాల్వు బిగిస్తాడు. కోడ్ చెరిపేస్తాడు. స్టార్ట్!

స్లోలో, అంటే కారు నిలబడి ఉండగా, ఇంజన్ హాయిగా తిరుగుతోంది. స్లోలో ఈ వాల్వుకి పెద్దగా పనుండదు. ఎత్తు ఎక్కి, ఇంజన్ నిమిషానికి మూడు వేల చుట్లు దాటితేనే బండారం బయటపడేది.

"అయిపోయింది. తీసుకెళ్లు. వాణ్ణి వదిలెయ్."

"వదిలేస్తా," గళ్ల చొక్కా నవ్వాడు. "బాగుచేసినవాడే నడపాలి. ఎక్కు మేస్త్రీ!"

"బావా, వద్దు!"

"అక్కకి చెప్పు... కాస్త ఆలస్యమవుతుందని."

కొండ దారి. వెనక సీట్లో వాడు.

రెండు వేలు... రెండున్నర... మూడు!

మీటర్ల మధ్య ఎర్ర లైటు! కారు నీరసంగా మూలిగి, నత్తలా పాకుతోంది.

మెడ మీద చల్లటి ఇనుము.

"బాగుచేశానన్నావే!"

"అబద్ధం చెప్పాను బాబూ."

వెనకే పోలీసు జీపు సైరన్. మేస్త్రీ కారాపి కళ్లు మూసుకుంటాడు.

ధన్...!

వెనక అద్దం భళ్లున పగిలింది. మెడ మీది చల్లదనం మెల్లగా కిందికి జారిపోయింది.

స్లోలో ఇంజన్ హాయిగా తిరుగుతూనే ఉంది.