ఆపరేషన్ పర్లేదు

పట్టపగలు పూర్ణా మార్కెట్‌లో, బెల్లం బుట్టల మధ్య గవర్రాజు కూలిపోయాడు. వీపులో విషపు సూది. డిపార్ట్‌మెంట్‌లో అతనంత మొండి ఏజెంట్ మరొకడు లేడు. ప్రాణం పోయేలోగా వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కి హెడ్‌క్వార్టర్స్‌కి ఒకే ఒక్క మాట చెప్పాడు.

"పర్లేదు."

అవతల ఆపరేటర్ 'ఆల్ ఓకే' అని రాసుకుని టీ తాగడానికి వెళ్ళాడు.

మర్నాడు చీఫ్ గంగాధరరావు ఏజెంట్ నజీర్ అహ్మద్‌ని పిలిపించాడు. ద్వారకా నగర్‌లో డాక్టర్ బ్రూనెల్ అనే విదేశీయుడు ఉబ్బసానికి కొత్త ఇంజెక్షన్ ట్రయల్ నడుపుతున్నాడు. మొదటి డోసుకి రెండ్రోజులు ఊపిరి తేలికవుతుంది, ఆ తర్వాత గుండె చచ్చుబడుతుంది. రెండో డోసు పడితే మర్నాటికి ఇక లేవరు. ఇదంతా ఆ కేసు మీదున్న గవర్రాజు చావుకి ముందు పంపిన కబురు, చేతిలో రుజువు మాత్రం లేదు. ఈ మందుకి ఆమోదముద్ర పడిందంటే పోర్టులో, స్టీల్ ప్లాంట్‌లో ఉబ్బసం ఉన్న ప్రతి మనిషికీ అదే సూది. విశాఖ రేవు పడకేస్తుంది. బ్రూనెల్ వెనకున్న ముఠా కోరుకునేదీ అదే.

"రిపోర్టులో మాత్రం ఒక్క చావూ లేదు. అందరికీ నయమైందట. ఎలా? రేపు మధ్యాహ్నం ఢిల్లీ కమిటీ క్లినిక్‌కి వచ్చి సంతకం పెట్టేస్తుంది. ఈలోగా నాకు జవాబు కావాలి" అన్నాడు చీఫ్. క్లినిక్‌లో మన మనిషి ఒకరున్నారని, పేరు పద్మావతి అని, ఎప్పుడూ గాగుల్స్‌లో ఉంటుందని, అక్కడ దుబాసీగా పనిచేస్తోందని కూడా చెప్పాడు.

తల్లిలేని నజీర్‌ని పెంచిన అక్క నూరున్నీసా ఆ ట్రయల్‌లోనే ఉంది. వన్‌టౌన్‌లో ఆమె ఇంటికి పరిగెత్తాడు. తాళం. రెండో డోసు వాళ్ళందర్నీ ముందురోజే క్లినిక్‌కి తీసుకుపోయి గేటు మూశారని పక్కింటివాళ్ళు చెప్పారు.

తెల్లారుతూనే భీమిలి బస్సెక్కాడు. ట్రయల్‌కి రావడం మానేసిన ఒక జాలరి ఇల్లు వెతికి పట్టుకున్నాడు. గుమ్మంలో అతని భార్య గంగాలమ్మ ఒక్కతే కూర్చుని ఉంది.

"గాగుల్సమ్మ వచ్చి ఎలాగున్నాదని అడిగింది బాబూ. పర్నేదమ్మా అన్నాడు. మర్నాడే పోనాడు. మరెవలూ రానేదు."

నజీర్‌కి ఆ రిపోర్టు గుట్టు తెలిసిపోయింది. పర్లేదన్నవాడు నయమైనట్టు లెక్క. రానివాడు నయమైపోయి రానట్టు లెక్క. గవర్రాజు చివరిసారి చెప్పింది తన సంగతి కాదు, ఈ మనుషుల సంగతి. ఆ క్లినిక్‌లో గాగుల్స్ పెట్టుకుని తిరిగే దుబాసీ ఒక్కతే. మన మనిషి అనుకున్న పద్మావతి ఇద్దరి ఉప్పూ తింటోందన్నమాట.

మధ్యాహ్నానికి, మాసిన గడ్డం అతికించుకుని, దగ్గుకుంటూ, కూలీ వేషంలో క్లినిక్ హాల్లోకి జొరబడ్డాడు. ఎదురుగా కమిటీ. చైర్మన్ పెన్ను మూత తీసి ఉంది. కమిటీలో ఒక్కరికీ తెలుగు ముక్క రాదు. వరసలో మొదటి కుర్చీలో నూరున్నీసా. పెదాలు నీలంగా ఉన్నాయి.

అంతలో మల్లెపూల సెంటు వాసన, వెంటనే వీపుకి చల్లగా పిస్టల్.

"చెయ్యి కదిపితే కాలుస్తాను" అంది పద్మావతి మెల్లగా, నవ్వు చెదరకుండా.

లైటర్‌లో కెమెరా ఉంది, పెన్నులో గ్యాస్ ఉంది, చెప్పులో కత్తి ఉంది. డిపార్ట్‌మెంట్ ఇచ్చినవన్నీ ఉన్నాయి కానీ వేటికీ చెయ్యి అందదు.

"ఎలా ఉంది?" అని బ్రూనెల్ వచ్చీరాని తెలుగులో అడిగాడు.

"పర్నేదండి" అంది నూరున్నీసా ఎగశ్వాసతో.

"మచ్ ఇంప్రూవ్డ్" అంది పద్మావతి కమిటీకి వినబడేలా.

బ్రూనెల్ సూది ఎత్తాడు. అది చర్మాన్ని తాకబోతుంటే నజీర్‌కి ప్లాన్ గుర్తులేదు, పిస్టల్ గుర్తులేదు. చిన్నప్పట్నుంచీ అక్కని పిలిచే పిలుపే నోట్లోంచి వచ్చేసింది.

"ఆపా!"

బ్రూనెల్‌కి వచ్చిన తెలుగు నాలుగు ముక్కలు. అందులో 'ఆపు' ఒకటి. అతని చెయ్యి ఆగిపోయింది.

పిస్టల్ పేలింది. నజీర్ భుజం చీలింది. కమిటీ వెంట వచ్చిన పోలీసులు పద్మావతి మీద పడ్డారు. నజీర్ గడ్డం పీకేసి, సూది లాగి అవతల పారేసి, అక్క ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఆపా, రాత్రి పడుకున్నావా?"

"కూకునే ఉన్నాన్రా. పడుకుంటే ఊపిరాడ్నేదు."

"మరి పర్నేదన్నావేటి?"

నూరున్నీసా బ్రూనెల్ వైపు జాలిగా చూసింది. "అంత దూరం నుంచి మనకోసం వచ్చినాడు. బాగోనేదంటే పాపం ఏటనుకుంటాడు?"

నజీర్ ఏడుస్తూనే ఆ మాటల్ని ఇంగ్లీషులో కమిటీకి చెప్పాడు. మిగిలిన కుర్చీల్లోంచి కూడా ఒక్కొక్కరే నోరు విప్పారు. చైర్మన్ పెన్నుకి మూత పెట్టేశాడు.

బ్రూనెల్‌తో పాటు సంకెళ్ళు పడుతున్నా పద్మావతికి పొగరు తగ్గలేదు. "నేను అబద్ధం చెప్పలేదు. పర్లేదంటే ప్రమాదం లేదనే డిక్షనరీలో ఉంది" అంది.

నూరున్నీసాని ఆస్పత్రి జీపులోకి ఎక్కించారు. గుండె ఇంకా కొట్టుకుంటోంది, బతుకుతుందన్నారు. అప్పుడు గానీ నజీర్ గోడకి జారగిలబడలేదు. చొక్కా సగం ఎర్రబడింది. వాచీలోంచి చీఫ్ గొంతు వినిపించింది.

"నజీర్, ఎలా ఉన్నావ్?"

"పర్లేదు సార్."

"కదలకు. అంబులెన్స్ వస్తోంది" అన్నాడు చీఫ్.